కొత్త బోరు మోటారు వారంటీలోనే కాలిపోతే: బిల్లు నుంచి వినియోగదారుల కమిషన్ దాకా

యాసంగి నాట్లు అయిపోయి పొట్ట దశకు వచ్చేసరికి ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. "అన్నా, మోటారు దించి మూడు నెలలు కూడా కాలేదు, కాలిపోయింది. సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోతే ఓల్టేజీ తక్కువై కాలింది, వారంటీ రాదు అన్నారు. ఏం చేయాలె?" నర్సంపేట నుంచి అడిగినా, పరకాల నుంచి అడిగినా, జనగామ నుంచి అడిగినా కథ ఇదే.

ఈ పని ఏ వరుసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను. త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారును, ముఖ్యంగా మన దగ్గర ఎక్కువగా వాడే 5 హెచ్‌పీని దృష్టిలో పెట్టుకున్నాను. ఇంటి బోరు సింగిల్ ఫేజ్ మోటారుకైనా కాగితాల పని మొత్తం ఇంతే. మోటారు ఇప్పటికే కాలి ఉంటే నేరుగా 3వ భాగానికి వెళ్ళండి. ఇంకా కొనకపోతే మాత్రం మొదటి రెండూ వదలొద్దు. వారంటీ గొడవలో గెలుపోటములు చాలావరకు ఆ రెండు రోజుల్లోనే ఖాయమైపోతాయి.

1. కొనే రోజు: దుకాణంలోనే తేల్చుకోవాల్సినవి

ముందు బిల్లు. "ఎస్టిమేట్" అని రాసిచ్చే తెల్ల చిట్టీ బిల్లు కాదు. కొంత తగ్గుతుందని ఆ చిట్టీతో వచ్చేస్తే, రేపు ఆ మోటారు ఆ దుకాణంలోనే కొన్నామని నిరూపించుకోవడమే మొదటి గొడవ అవుతుంది.

బిల్లు మీద ఇవి ఉన్నాయా చూడండి:

- దుకాణం పేరు, జీఎస్టీ నంబరు, తేదీ, మీ పేరు
- మోడల్, హెచ్‌పీ, ఎన్ని స్టేజీలు (పంపులో ఒకదాని మీద ఒకటి ఉండే ఇంపెల్లర్ చక్రాలు)
- మోటారు సీరియల్ నంబరు, పంపు సీరియల్ నంబరు (చాలా కంపెనీల్లో ఇవి వేర్వేరు)
- మీ బోరు లోతు, మోటారు దించే లోతు

చివరిది దుకాణదారు తనంతట రాయడు. అడిగి రాయించుకోండి. "బోరు 280, మోటారు 240 అడుగులు" అని బిల్లు మీదే ఉంటే, తర్వాత ఎవరూ "మీ లోతుకు ఈ మోడల్ సరిపోదు, అందుకే లోడు పడి కాలింది" అనలేరు. ఆ లోతు తెలిసే ఆ మోడల్ ఇచ్చారని బిల్లే చెబుతుంది.

వారంటీ కార్డు మీద డీలరు స్టాంపు, సంతకం, తేదీ అక్కడే వేయించండి. కొన్ని కంపెనీలకు ఫోన్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి రిజిస్టర్ చేయాలి. అది కూడా దుకాణంలోనే చేయించి, వచ్చిన మెసేజ్‌ను దాచుకోండి. కార్డు వెనుక చిన్న అక్షరాలను ఇంట్లో చదువుకోగలిగే పిల్లలుంటే చదివించండి. మూడు సంగతులు తెలియాలి. గడువు ఎప్పటి నుంచి లెక్క? కొన్ని కార్డుల్లో కొన్న తేదీ నుంచి ఒక గడువు, తయారైన తేదీ నుంచి ఇంకో గడువు ఉంటాయి, ఏది ముందు ముగిస్తే అదే లెక్క. మోటారు లేపడం, దించడం, రవాణా ఖర్చు ఎవరిది? చాలా కార్డుల్లో రైతుదే. రిపేరు ఇక్కడ వరంగల్‌లోనే చేస్తారా, హైదరాబాద్ పంపుతారా?

ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని ఒక లైసెన్స్ నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీదో, లైసెన్స్ నడుస్తోందో లేదో కనిపిస్తుంది. సబ్‌మెర్సిబుల్ పంపుసెట్ల ప్రమాణం ఐఎస్ 8034. చూడడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.

2. దించే రోజు: ఒక కాగితం, పది ఫోటోలు

మోటారు ఒకసారి బోరులోకి దిగాక దాని నంబరు ప్లేటు మీకు మళ్ళీ కనిపించేది అది పాడైనప్పుడే. నీళ్ళలో ఉండి, కేసింగ్‌కు రాసుకుని ప్లేటు ఊడిపోవడం కూడా మామూలే. అందుకే దించకముందే ప్లేటునూ, బాడీ మీద చెక్కిన నంబరునూ స్పష్టంగా ఫోటో తీయండి.

ఆ తర్వాత వరుసగా:

1. కరెంటు లెక్క చూడాలి. మెకానిక్‌తో మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించి కాయిల్‌కూ బాడీకీ మధ్య రీడింగ్ తీయించండి. 1 మెగా ఓమ్ కన్నా తక్కువ వస్తే దించకుండా అటునుంచి అటే దుకాణానికి తిరిగి పంపండి. కొత్త మోటారు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ చూపాలి. మూడు వైర్ల మధ్య రెసిస్టెన్స్ మూడు జతల్లోనూ సమానంగా ఉండాలి.

2. నీళ్ళు నింపే రకమైతే మోటారును నిలబెట్టి, ప్లగ్గులు విప్పి మంచి నీళ్ళు పోయాలి. బుడగలు ఆగేదాకా ఉండి మళ్ళీ నింపి బిగించాలి. హడావుడిలో ఎక్కువగా ఎగిరిపోయే మెట్టు ఇదే. సగం నిండిన మోటారులో బుష్‌లు (ఇరుసును పట్టి ఉంచే గుండ్రటి ముక్కలు) కొద్ది రోజులకే అరుగుతాయి. ఆయిల్ నింపి వచ్చే రకమైతే ఏ ప్లగ్గూ ముట్టొద్దు.

3. కేబుల్ సైజు కంపెనీ పుస్తకంలోని పట్టిక ప్రకారం ఉండాలి. లోతు పెరిగితే కేబుల్ లావూ పెరగాలి. జాయింటుకు టేపింగ్ చేస్తుండగా ఒక ఫోటో, అయ్యాక ఒకటి.

4. మోటారు బోరు అడుగుకు ఆనకూడదు. కనీసం పది అడుగులు పైన ఉండాలి. పైపులు లెక్కపెట్టి రాసుకోండి.

5. ప్యానెల్‌లో ఓవర్‌లోడ్ రిలేను ప్లేటు మీద రాసిన ఆంపియర్లకు సెట్ చేయించండి. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపేది), డ్రై రన్ రక్షణ (నీళ్ళు లేకుండా నడిస్తే ఆపేది) ఉన్న ప్యానెలే పెట్టుకోండి. మోటారు కొన్న తర్వాత ప్యానెల్ దగ్గర పొదుపు చేయడం నాకు అస్సలు నచ్చని పని. సర్వీస్ సెంటర్ మొదట వెతికేది అక్కడే.

6. మోటారు నడిపి, మూడు ఫేజుల ఓల్టేజీ, మూడు ఫేజుల ఆంపియర్లు రాయించండి. నీళ్ళు తక్కువ వస్తున్నట్టుంటే మోటారు తిరగేసి తిరుగుతోందేమో చూడమనండి. కరెంటు తీసేసి ప్యానెల్ దగ్గర మూడు వైర్లలో ఏ రెండింటినైనా మార్చితే సరిపోతుంది.

ఇవన్నీ ఒక తెల్ల కాగితం మీద రాసి, దించిన మెకానిక్‌తో పేరు, ఫోన్ నంబరు, సంతకం తీసుకోండి. దాని మీద పడ్డ బురద మరకలతో సహా అదే మీ మొదటి సాక్ష్యం.

ఆ తర్వాత వారానికోసారి నడుస్తున్న మోటారు ప్యానెల్ మీటర్‌ను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టండి. ఫోటోకు తేదీ, సమయం ఎలాగూ ఉంటాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇది మరీ ముఖ్యం.

3. నీళ్ళు ఆగాయి: లేపే ముందు పైన చూడాల్సినవి

మోటారు లేపితే కూలీ, బండి ఖర్చు. తీరా లేపాక మోటారు బాగానే ఉండి కేబుల్ జాయింటు పోయిందంటే ఆ ఖర్చంతా దండగ. మీటర్లతో పని మెకానిక్‌కే వదిలేయండి. ప్యానెల్ తలుపు తెరిచే ముందు ఫ్యూజులు తీయించండి.

- పక్క రైతుల మోటార్లు నడుస్తున్నాయా? నడవకపోతే గొడవ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర.
- మూడు ఫేజులూ వస్తున్నాయా? ఒక్కటి లేకున్నా ఫ్యూజు చూడండి. పదేపదే బటన్ నొక్కితే బాగున్న మోటారూ పోతుంది.
- కరెంటు బాగుండి, ఆంపియర్లు బాగా ఎక్కి ట్రిప్ అవుతోందా? పంపు ఇరుక్కుని ఉండొచ్చు, లేదా కాయిల్ షార్ట్ అయి ఉండొచ్చు.
- ఆంపియర్లు చాలా తక్కువ, నీళ్ళు లేవా? బోరులో నీళ్ళు దిగిపోయి ఉండొచ్చు, లేదా కప్లింగ్ విరిగి ఉండొచ్చు.
- ఒక ఫేజులో ఆంపియర్లు సున్నానా? కేబుల్ లేదా కాయిల్ తెగింది.
- ప్యానెల్ దగ్గర మెగ్గర్ సున్నా చూపిస్తోందా? కాయిల్ లేదా జాయింటు. లేపాక జాయింటు కోసి, మోటారును విడిగా మళ్ళీ మెగ్గర్ చేయించాలి.

ఈ రీడింగులు కూడా రాసుకోండి. అదే రోజు ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని మోటార్లున్నాయో, వాటిలో ఎన్ని కాలాయో కనుక్కోండి. మీదొక్కటే కాలితే ఈ సంగతి తర్వాత బాగా పనికొస్తుంది. కరెంటులో నిజంగానే తేడా ఉందనిపిస్తే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

4. మోటారు పైకి వచ్చింది: ఎవరినీ విప్పనివ్వొద్దు

ఇక్కడే చాలామంది చేతులారా వారంటీ పోగొట్టుకుంటారు. పొలం పగుళ్ళు తీస్తుంటుంది, ఊరి మెకానిక్ "ఇటివ్వు, రేపు పొద్దుగాల కల్లా కాయిల్ కట్టిస్త" అంటాడు. ఆయన మంచి మనసుతోనే అంటాడు. కానీ ఒక్క బోల్టు విప్పినా బయట విప్పారన్న మాట కార్డు మీద పడుతుంది, అక్కడితో వారంటీ పోయినట్టే.

ఇంకో కారణం కూడా ఉంది. రేపు కమిషన్ దాకా పోతే, లోపం ఏమిటో తేల్చడానికి ఆ మోటారునే ల్యాబుకు పంపొచ్చు. కాలిన కాయిల్ తీసేసి కొత్తది కట్టిస్తే అక్కడ పరీక్షించడానికి ఏమీ మిగలదు.

- నాలుగు వైపులా ఫోటోలు, సీల్ బోల్టులు దగ్గర నుంచి, కేబుల్ కోసిన చోటు
- మోటారు ఏ లోతు నుంచి వచ్చింది, పైపుల్లో నీళ్ళున్నాయా, ఇసుక ఉందా
- లేపిన వాళ్ళకిచ్చిన డబ్బుకు చిట్టీ మీద సంతకం, బండి కిరాయికి కూడా
- కడగొద్దు, తుడవొద్దు

5. సర్వీస్ సెంటర్‌లో: జాబ్ కార్డు లేకుండా మోటారు అప్పగించొద్దు

వెళ్ళేముందే కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. డీలరు "నేను చూసుకుంటా, ఇక్కడ పడేసి పో" అంటే ఆయన దగ్గరైనా రసీదు తీసుకోవాల్సిందే. మోటారు దుకాణం వెనుక గోడకు ఆనుకుని వారాలు పడి ఉండడం, అడిగితే "కంపెనీకి పంపినం" అనడం చాలామందికి అనుభవమే.

జాబ్ కార్డులో (మోటారు రిపేరుకు తీసుకున్నట్టు సెంటర్ ఇచ్చే కాగితం) రాయించాల్సినవి: తేదీ, సీరియల్ నంబర్లు, "సీల్ విప్పలేదు" అనే మాట, మీరు చెప్పిన ఫిర్యాదు, ఎప్పటికి ఇస్తారన్నది. కార్డు ఫోటో తీసుకున్నాకే కదలండి. వారంటీ కార్డు, బిల్లు జిరాక్సులే ఇవ్వండి. అసలువి చూపించి వెనక్కి తీసుకోండి.

"మోటారు నా ముందు విప్పండి" అని అడగండి. కుదరదంటే, "విప్పేటప్పుడు ఫోటోలు, వీడియో తీసి పంపండి" అని వాట్సాప్‌లో రాతగా అడగండి. వాళ్ళు ఏమీ పంపకపోయినా మీరు అడిగినట్టు రుజువు మిగులుతుంది.

6. కాలిన కాయిల్‌లో ఏం చూడాలి

మోటారు విప్పి రోటర్ బయటికి లాగాక టార్చి వేసి లోపలికి చూడండి. కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పున కొడుతుంది. గాడుల చివర్లలో వంగి ఉండే తీగల చుట్టలే కాయిల్. నీళ్ళు నింపే రకం మోటార్లలో ఆ తీగల మీద రంగు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఎక్కడ ఆ తొడుగు కరిగి రాగి బయటపడిందో, ఎక్కడ రంగు చెక్కుచెదరలేదో చూసి ఫోటో తీయండి. కాయిల్‌లో మూడు ఫేజుల గుంపులుంటాయి. ఏ గుంపు కాలిందన్నదే అసలు సంగతి.

మూడు గుంపులూ ఒకేలా నల్లబడితే: మోటారు మొత్తం వేడెక్కింది. లో ఓల్టేజీలో ఎక్కువసేపు నడవడం, ఎక్కువ లోడు, నీళ్ళు లేకుండా నడవడం, పంపు ఇరుక్కోవడం వంటివి కారణాలు. ఇక్కడ కంపెనీ మాటకు కొంత బలముంటుంది.

రెండు గుంపులు కాలి ఒకటి శుభ్రంగా ఉంటే, లేదా ఒక్క గుంపే పూర్తిగా కాలితే: సింగిల్ ఫేజింగ్ గుర్తు. ఒక ఫేజు పోయినా మోటారు నడుస్తూ ఉండిపోయిందన్నమాట. స్టార్ కనెక్షన్‌లో రెండు గుంపులు కాలతాయి, డెల్టాలో ఒకటి (ఇవి కాయిల్ గుంపులను కలిపే రెండు పద్ధతులు). ప్రివెంటర్ ఉండి కూడా ఇలా జరిగితే ప్యానెల్ కంపెనీని కూడా అడగాలి. దానికీ వారంటీ ఉంటుంది.

ఒక్కచోటే, ఒక గాడి దగ్గరో రెండు చుట్టల మధ్యో మాడి, మిగతాదంతా కొత్తదానిలా ఉంటే: ఆ చోట ఇన్సులేషన్ దెబ్బతింది. పిడుగు వంటివి లేకుండా, కొన్న కొద్ది నెలల్లోనే ఇలా జరిగితే తయారీ లోపమని గట్టిగా అడగాల్సింది ఈ సందర్భంలోనే. "ఓల్టేజీ తక్కువైతే మూడూ కాలాలి కదా, ఒక్కచోటే ఎందుకు కాలింది?" అని అడగండి. జవాబు రాతలో అడగండి.

ఆయిల్ మోటారులో నూనె మజ్జిగలా తెల్లబడితే: సీల్ లోంచి నీళ్ళు దిగాయి. సీల్ విప్పని కొత్త మోటారులో అది మీ తప్పు అయ్యే అవకాశం తక్కువ.

కిందున్న త్రస్ట్ బేరింగ్, బుష్‌లు కూడా చూపించమనండి. నీళ్ళు లేకుండా నడిస్తే ఆ జాడ మొదట అక్కడే కనిపిస్తుంది. ఈ గుర్తులు నిపుణుడి రిపోర్టుకు సాటిరావు, కానీ కౌంటర్ దగ్గర ఏం అడగాలో మీకు తెలుస్తుంది. అడిగేవాడికి విషయం తెలుసని అర్థమయ్యాక అవతలి గొంతు మారడం నేను చాలాసార్లు చూశాను.

7. "వారంటీ రాదు" అన్నప్పుడు చెప్పే కారణాలు, అడగాల్సిన ప్రశ్నలు

మొదటి మాటగా, ఏ కారణం చెప్పినా "అదే జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టండి" అనండి. నోటితో ధీమాగా చెప్పిన కారణం రాయమనేసరికి మెత్తబడుతుంది. రాయకపోతే, ఆ సాయంత్రమే మీరే వాట్సాప్‌లో పంపండి: "ఈ రోజు మీ సెంటర్‌లో ఫలానా కారణం చెప్పి వారంటీ నిరాకరించారు. తప్పైతే తెలియజేయండి."

*"ఓల్టేజీ తక్కువైంది."* ఎంత ఓల్టేజీ? ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కొలిచారు? మీ దగ్గర వారం వారం తీసిన ప్యానెల్ ఫోటోలుంటే ముందు పెట్టండి. అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద మిగతా మోటార్లు నడుస్తున్నాయని పక్క రైతులతో రాయించండి. సరఫరా వివరాలు కావాలంటే మన కరెంటు పంపిణీ కంపెనీ టీజీఎన్‌పీడీసీఎల్ సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ నకలు కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టొచ్చు. ఆ కంపెనీ హెడ్డాఫీసు మన హనుమకొండలోనే ఉంది.

ఒక మాట మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. యాసంగిలో లోడు మించిన ట్రాన్స్‌ఫార్మర్ల కింద ఓల్టేజీ పడిపోవడం మనకు తెలియంది కాదు. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి అందుకుంటే ఇంకా పడుతుంది. మీ ఫోటోలే తక్కువ ఓల్టేజీ చూపిస్తుంటే మోటారు కంపెనీ మీద పోరాటం వృథా. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచమని డిస్కంకు (ఆ కరెంటు పంపిణీ కంపెనీకి) రాతపూర్వకంగా అడగండి. స్పందించకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరం ఉంది.

*"డ్రై రన్ అయింది."* బుష్‌లు, త్రస్ట్ బేరింగ్ ఫోటోలు అడగండి. అవి బాగుంటే ఆ మాట నిలబడదు. దించిన రోజు కాగితంలో నీటి మట్టం, మోటారు లోతు ఉంటే చూపండి.

*"ఇసుక వచ్చింది."* ఇసుకతో ఇంపెల్లర్లు, బుష్‌లు అరుగుతాయి. పంపు ఇరుక్కుపోతే తప్ప ఇసుకతో నేరుగా కాయిల్ కాలదు. పంపు చేత్తో తిరుగుతోందా లేదా చూపించమనండి.

*"కేబుల్ సన్నది."* కంపెనీ పట్టికలో మీ లోతుకు ఏ సైజు ఉందో చూపండి. కేబుల్ అదే డీలరు ఇచ్చి ఉంటే ఆయన బిల్లు కూడా.

*"బయట విప్పారు."* సీల్ బోల్టుల ఫోటో, జాబ్ కార్డులో "సీల్ విప్పలేదు" అన్న మాట.

*"పార్టు రాలేదు."* ఏ పార్టు, ఏ తేదీన ఆర్డర్ పెట్టారు, ఎప్పుడొస్తుంది? అంతవరకు వేరే మోటారు ఇవ్వగలరా? ఇవ్వాలన్న నియమం కార్డులో ఉండకపోవచ్చు. కానీ సీజన్‌లో గట్టిగా అడిగితే డీలరు దగ్గర పాత మోటారు ఒకటి దొరుకుతుంటుంది.

8. ఈలోపు పంట

పక్క రైతుతో నీళ్ళ వంతు మాట్లాడుకోండి, లేదా మెకానిక్ దగ్గర కిరాయి మోటారు దించించుకోండి. కిరాయికి చిట్టీ తప్పనిసరి. పంట ఎండుతోందంటే ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) గారిని పిలిచి పొలం చూపించి, చూసినట్టు రాతలో తీసుకోండి. తేదీ కనిపించే ఫోటోలు తీయండి. పంట నష్టం అడగడం తేలిక, నిరూపించడం కష్టం. ఈ కాగితం లేకుంటే దాదాపు అసాధ్యం.

9. రిపేరై తిరిగొచ్చాక, మళ్ళీ పాడైతే

మోటారు తీసుకునేటప్పుడు ఏం మార్చారో రాసిన జాబ్ కార్డు అడగండి: కాయిల్ కట్టారా, స్టేటర్ మొత్తం మార్చారా, బుష్‌లు కొత్తవా. మోటారు మొత్తం మార్చి ఇస్తే కొత్త సీరియల్ నంబరును వారంటీ కార్డు మీద రాయించి స్టాంపు వేయించండి. ఇది వదిలేస్తే తర్వాత "ఈ నంబరు మీ కార్డుది కాదు" అంటారు. మళ్ళీ మెగ్గర్, మళ్ళీ ఆంపియర్లు, మళ్ళీ ఫోటోలు.

అదే లోపం రెండోసారి వస్తే ఇక రిపేరు అడగకండి. మార్చి ఇవ్వమని లేదా డబ్బు తిరిగి ఇవ్వమని రాతగా అడగండి. నా అభిప్రాయంలో మూడోసారి రిపేరుకు ఒప్పుకోవడం అంటే వారంటీ గడువును వాళ్ళకు అప్పనంగా ఇవ్వడమే. మోటారు బెంచీ మీద ఉండగానే ఏడాది గడిచిపోతుంది.

10. లేఖ ఇలా రాయండి

డీలరుకూ, కంపెనీకీ ఇద్దరికీ. స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచండి, ఈమెయిల్ కూడా పెట్టండి. తిట్లు, శాపనార్థాలు వద్దు. తేదీలు చాలు.

> మేనేజర్ గారికి,
>
> నేను ……… తేదీన ……… దుకాణంలో బిల్లు నం. ……… ద్వారా ……… మోడల్ 5 హెచ్‌పీ మోటారు (సీరియల్ నం. ………) కొన్నాను. ……… తేదీన దించాను. ……… తేదీన ఆగిపోయింది. సీల్ విప్పకుండా ……… తేదీన జాబ్ కార్డు నం. ……… కింద మీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను.
>
> "………" అనే కారణం చెప్పి వారంటీ నిరాకరించారు. ఆ కారణానికి ఆధారమైన రీడింగులు, ఫోటోలు నాకు ఇవ్వలేదు. నా దగ్గరున్న రీడింగులు, ఫోటోలు జత చేస్తున్నాను.
>
> ఈ లేఖ అందిన 15 రోజుల్లో మోటారు మార్చి ఇవ్వాలని, లేదా ధర తిరిగి చెల్లించాలని, లేపడం, దించడం, రవాణాకు అయిన రూ. ……… ఇవ్వాలని కోరుతున్నాను. లేనిపక్షంలో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. అప్పటివరకు మోటారును, తీసిన భాగాలను యథాతథంగా ఉంచాలి.

చివరి వాక్యం మరచిపోవద్దు. కాలిన కాయిల్ తుక్కులోకి పోకుండా ఆపేది అదే.

11. 1915, ఆ తర్వాత కమిషన్

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు. తీర్పు ఇచ్చే అధికారం వాళ్ళకు లేదు, కానీ స్థానిక సర్వీస్ సెంటర్‌ను దాటి విషయం కంపెనీ పెద్దలదాకా చేరడానికి ఇది పనికొస్తుంది. చాలా గొడవలు ఇక్కడే తెగుతాయి.

తెగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్. తెలుసుకోవాల్సినవి:

- మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. కంపెనీ ఎక్కడున్నా సరే.
- కొన్న ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు.
- వివాదం పుట్టిన నాటి నుంచి 2 ఏళ్ళ లోపు వేయాలి.
- వకీలు తప్పనిసరి కాదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచిత సాయం అందుతుంది. ఫోన్ 15100.
- ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వేయొచ్చు.

డీలరును, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే ఆ ఒక్కరు రెండోవాళ్ళ మీద నెట్టేస్తారు. బిల్లు, వారంటీ కార్డు, దించిన రోజు కాగితం, జాబ్ కార్డులు, వాట్సాప్ సందేశాల ప్రింట్లు, స్పీడ్ పోస్టు రసీదు, ఖర్చుల చిట్టీలు, ఒక అఫిడవిట్ జత చేయాలి. ఏం కావాలో అంకెలతో సహా విడివిడిగా రాయండి: మోటారు ధర, వడ్డీ, లేపిన ఖర్చు, కిరాయి, పంట నష్టం, కేసు ఖర్చులు. అడగనిది ఇస్తారని ఆశ పెట్టుకోవద్దు.

"వ్యవసాయం వ్యాపారం, మీరు వినియోగదారు కాదు" అని అవతలి వకీలు అనొచ్చు. బతుకుదెరువు కోసం స్వయంగా వాడుకునేది వ్యాపార ప్రయోజనం కిందికి రాదని చట్టమే చెబుతోంది. విత్తనాలు కొన్న రైతులు వినియోగదారులేనని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. ఫిర్యాదులోనే ఈ రెండు మాటలూ రాసేయండి.

లోపం పరీక్ష లేకుండా తేలదనుకుంటే కమిషన్ మోటారును తగిన ల్యాబుకు పంపించగలదు. మీరే ముందుగా ఆ పిటిషన్ వేయండి. అవతలివాళ్ళు జవాబు వేయడానికి 30 రోజులు, పొడిగిస్తే ఇంకో 15 రోజులు ఉంటాయి. పరీక్ష అవసరం లేని కేసు 3 నెలల్లో, అవసరమైతే 5 నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. వాస్తవంలో వాయిదాలు అంతకు మించి సాగుతాయి, కాబట్టి మధ్యవర్తిత్వానికి పిలిస్తే వెళ్ళండి. కొత్త మోటారు, లేపిన ఖర్చు ఇస్తామంటే, తీర్పు కోసం ఇంకో సీజన్ ఎదురుచూడడం కంటే అదే నయం.

ఉత్తర్వు మీకు అనుకూలంగా వచ్చాక కంపెనీ 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్ళొచ్చు. డబ్బు కట్టాలన్న ఉత్తర్వైతే అందులో సగం ముందు డిపాజిట్ చేయాలి. అప్పీలూ వేయక, డబ్బూ ఇవ్వక నాన్చితే అదే జిల్లా కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. ఉత్తర్వు పాటించకపోతే నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ అందుకున్న రోజే డీలరుకూ, కంపెనీకీ ఒక్కో నకలు స్పీడ్ పోస్టు చేసి, మీ బ్యాంకు ఖాతా వివరాలు అందులోనే రాసి పంపండి. "ఏ ఖాతాకు వేయాలో తెలియలేదు" అన్న సాకు కూడా నేను విన్నాను.